పోపు పెట్టిన టార్టర్ సాస్

దుఖాన్, ఖతర్,
ఆదివారం.

అమ్మకు పద్మ అనేక నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది, నువ్వు తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం మానావా, ఆవు ఈనిందా, ఈ మూడూ విడివిడిగా రాయి. కిందటిసారిలా "అందరూ క్షేమం" అని ఒక్క ముక్కతో సరిపెడితే ఆ అందరిలో ఆవు ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

ఎండల సంగతి అడిగావు. కుళాయి తిప్పితే పొయ్యి మీంచి దించినట్టు వేడినీళ్ళు వస్తాయి. చన్నీళ్ళు కావాలంటే ముందురోజే బకెట్టు నింపి ఏసీ గదిలో పెట్టుకోవాలి. గాలి లేచిన రోజున ఇసుక తలుపు సందుల్లోంచి దూరి, మాకంటే ముందే కంచాల్లో కూర్చుంటుంది. అయినా నేను బాగానే తింటున్నాను. నిజంగా బాగానే తింటున్నానమ్మా, బెంగ పెట్టుకోకు. లేనిదల్లా మాట్లాడే మనుషులే. కంపెనీ ఇళ్ళలో పక్కన లెబనాన్ ఆవిడ, ఎదురుగా ఇంగ్లీషావిడ. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, అక్కడితో మాటలు అయిపోతాయి.

తెలుగు వినాలంటే రాజయ్య రావాలి. జగిత్యాల దగ్గర ఊరివాడు, కంపెనీ మెస్సులో వడ్డన పని. శుక్రవారం శుక్రవారం మాకు చేప తెచ్చిపెట్టి, నా చేతి పప్పన్నం తిని వెళ్తాడు. వాళ్ళమ్మ ఊరందరికీ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని చెబుతుందట. ఖతర్ అని ఎన్ని ఉత్తరాలు రాసినా ఆవిడ దుబాయ్ ఆవిడదే. ఇప్పుడు ఇతను కూడా "మా దుబాయ్‌ల" అంటున్నాడు.

నీ ఉత్తరం అందింది. నాన్నగారి షష్టిపూర్తి శ్రావణంలో పెట్టారని, మాకు సెలవు దొరక్కపోతే బాధపడవద్దని, మధుపర్కాలు పక్కింటి సుశీల చేత ఇప్పిస్తామని రాశావు. అమ్మా, నేను బాధపడలేదు. కూర్చుని ఏడ్చాను. మీరిద్దరూ మళ్ళీ పెళ్ళిపీటల మీద కూర్చుంటే, ఉన్న ఒక్క కూతురూ ఇక్కడ ఇసుక ఊడ్చుకుంటూ ఉంటే, కొత్తబట్టలు సుశీల తెచ్చి ఇస్తుందా? దానికీ నాకూ చిన్నప్పటి నుంచీ పడదని నీకు తెలియదూ?

మా సెలవు వంతు చలికాలంలో గానీ రాదు. ముందే కావాలంటే మీ అల్లుడుగారి పై దొర సంతకం పెట్టాలి. దొర మంచివాడే, కానీ మాట బహు తక్కువ. ఈయన సెలవు కాగితం జేబులో పెట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్ళడం, అడగలేక దాన్ని ఇంకాస్త నలిపి ఇంటికి తేవడం. ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం దొర మెస్సులో చేపల వేపుడు ముందు కూర్చుని, పక్కన టార్టర్ సాస్ లేదని, సీసాలు తెచ్చే ఓడ ఇంకా రాలేదని విసుక్కున్నాడట. ఇదే అదనని సెలవు అడగబోయిన మీ అల్లుడుగారి నోట్లోంచి, "మా ఆవిడ ఇంట్లోనే చేస్తుంది సార్, శుక్రవారం భోజనానికి రండి" అని వచ్చింది. ఈయనకి నీళ్ళు కాచడం రాదు గానీ నా తరఫున మాట ఇవ్వడం మాత్రం బాగా వచ్చు.

అసలు టార్టర్ సాస్ అంటే ఏమిటండీ అని అడిగితే, తెల్లగా ఉంటుందన్నారు. సున్నమూ తెల్లగానే ఉంటుంది. పోట్లాడి పంపిస్తే మెస్సు వంటవాణ్ణి అడిగి వచ్చారు. గుడ్డు పచ్చసొన గిలకొడుతూ, అందులో నూనె చుక్క చుక్కగా పోస్తూ పోతే గట్టిపడుతుందట. ఆపైన నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఊరవేసిన దోసకాయ ముక్కలు. ఆఖరి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరవేసిన దోసకాయ మనింట్లో లేక ఇంకెవరింట్లో ఉంటుంది? నువ్వు పెట్టి పంపిన దోసావకాయ జాడీ అడుగున ఇంకా నాలుగు ముక్కలు దాచుకున్నాను. వాటిని కుళాయి కింద కడిగి కారం వదలగొట్టానమ్మా. కోప్పడకు, నీ ఆవకాయను కడగాల్సి వచ్చినందుకు నాకూ చెయ్యాడలేదు.

మొదటిసారి పప్పునూనె ఒక్కసారే వంచేశాను, విరిగిపోయింది. రెండోసారి మొక్కజొన్న నూనె చెంచా కొసనుంచి చుక్క చుక్కగా పోశాను. చెయ్యి పడిపోయింది గానీ గిన్నెలో వెన్నలా నిలబడింది. ఉల్లిపాయలు, దోసకాయ ముక్కలు కలిపి, నేనే చేశానా అని ముచ్చటపడి చూస్తుండగా రాజయ్య హమూర్ చేప తెచ్చాడు. మన పండుగప్ప లాంటిది, ముల్లు తక్కువ. గిన్నెలోకి తొంగిచూసి తేల్చేశాడు.

"గిది మెస్సుల రోజు సూస్తనే ఉంట గదక్కా. మన పెరుగుపచ్చడే. దొరలకు పోపు పెట్టుడు రాదు, గంతే."

నాకా మాట న్యాయంగా తోచింది. రుచి చూస్తే చప్పగానే ఉంది. అంత తెల్లగా, పోపు లేకుండా పచ్చడిని బల్ల మీద పెట్టడానికి మనసొప్పలేదు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, నువ్వు ఎండబెట్టి పంపిన కరివేపాకు వేసి, పోపు సలసలా కాగుతుండగానే గిన్నెలో వంపాను. సుయ్‌మంది. ఆ చప్పుడుకి మన వంటిల్లు కళ్ళముందుకొచ్చింది. చప్పుడు ఆగేసరికి గిన్నెలో సాస్ లేదు. ఒక పక్క నూనె, ఒక పక్క ఉడికిన గుడ్డు తరకలు. సరిగ్గా అప్పుడే బయట దొర కారు ఆగింది. రాజయ్య గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూసి, "యల్లా, ఇగ పోత, నాకు డ్యూటీ ఉందక్కా" అని పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాడు. చేప మాత్రం శుభ్రంగా కోసిపెట్టే వెళ్ళాడు.

ఇంకేం చేయను? విరిగిన గిన్నె మీద పళ్ళెం మూసి పొయ్యి వెనక్కి తోశాను. ఇక్కడ లబ్నే అని నీళ్ళు వడగట్టిన గట్టి పెరుగు దొరుకుతుంది. అందులో ఉల్లిపాయలు కలిపాను, జాడీ అడుగున మిగిలిన ఊట కూడా దులిపాను. కంగారులో చెయ్యి తన అలవాటు తాను మానలేదు, దానికీ పోపు పెట్టేశాను.

దొర పెద్ద మనిషి, తెల్లజుట్టు, ఎర్రటి చెవులు. వేయించిన చేప ముక్క మీద ఆ పెరుగుపచ్చడి గుట్టగా వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. నీళ్ళు తాగాడు. అప్పుడు మెల్లగా, ఇది టార్టర్ సాస్ కాదన్నాడు. మీ అల్లుడుగారు ఇంటికప్పు వంక చూస్తూ, "ఇండియన్ టార్టర్ సాస్ సార్" అన్నారు.

నాకు ఉండబట్టలేదమ్మా. వచ్చిన ఇంగ్లీషులో, అసలుది విరిగిపోయింది, ఇది పెరుగు అని చెప్పేశాను. నోరు తెరిచాక అది ఆగలేదు. నాన్నగారికి అరవై నిండుతున్నాయని, మా వాళ్ళలో అప్పుడు మళ్ళీ పెళ్ళి చేస్తారని, బట్టలు కూతురు పెట్టాలని, ఈయన అడగలేక కాగితం నలుపుతున్నారని, అన్నీ చెప్పాను. సుశీల సంగతి కూడా చెప్పాను.

దొర చెంచా కింద పెట్టి, "మళ్ళీ పెళ్ళి అంటే, అదే భార్యతోనా?" అని అడిగాడు. అదే భార్యతో అన్నాను. తనకూ ఈ ఏడే అరవై అని, భార్య ఇంగ్లండులో ఉందని, అంతే చెప్పాడు. తర్వాత లేచి, విరిగినది పారేశారా అని అడిగాడు.

తిట్టడానికే అనుకున్నాను. వంటింట్లోకి వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, ఉడికిన తరకలు చెంచాతో తీసేశాడు. ఇంకో గుడ్డు అడిగి, కొత్త పచ్చసొన గిలకొడుతూ విరిగినదాన్ని కొంచెం కొంచెంగా అందులోకి పోశాడు. వాళ్ళావిడ ఇలాగే బాగుచేస్తుందట. గిన్నె తిరగకుండా పట్టుకోవడం తన పనట. ఈసారి గిన్నె నన్ను పట్టుకోమన్నాడు. చూస్తుండగానే అది మళ్ళీ కలిసి గట్టిపడింది, ఆవాలతో, కరివేపాకుతో సహా. నా కళ్ళు చెమర్చాయి, ఉల్లిపాయలని చెప్పాను.

ఆ సాస్‌తో చేపంతా తిని, కరివేపాకు కూడా నమిలి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. సెలవు ఊసే ఎత్తలేదు. మీ అల్లుడుగారి కాగితం జేబులోంచి బయటికి రానే లేదు. ఆ సాయంత్రం నేను ఈయనతో మాట్లాడలేదు.

నిన్న ఆఫీసులో దొర తనే పిలిచి, ఆ నలిగిన కాగితం ఏదీ అన్నాడట. బల్ల మీద అరచేత్తో సాపు చేసి, ఇద్దరికీ కదా అని అడిగి, సంతకం పెట్టాడట. మేం తిరిగొచ్చాక తను వెళ్ళడానికి తన సెలవు కాగితం కూడా అప్పుడే రాసుకున్నాడట. ఇంటికి వెళ్తూ పట్టుకెళ్ళడానికి కాసిని పోపుగింజలు కావాలన్నాడట. అందుకని కరివేపాకు కాస్త ఎక్కువ ఎండబెట్టి ఉంచు, తిరిగి వచ్చేటప్పుడు తెస్తాను. దోసావకాయ కూడా పెట్టు, ఈసారి కడగనులే. రాజయ్య ఇందాక వచ్చి, దొర తిన్నాడా అని అడిగి, తిన్నాడని తెలిశాక, "నేను జెప్పలే?" అన్నాడు. నీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

నాన్నగారికి మా ఇద్దరి పాదాభివందనాలు. అమ్మమ్మ కాళ్ళకి నా తరఫున నువ్వే ఒకసారి దండం పెట్టు. మీ దీవెనలు మాకెప్పుడూ ఉండాలి.

సుశీలకి ఇప్పటికే చెప్పి ఉంటే, వద్దని చెప్పమ్మా. నెమ్మదిగానే చెప్పు, పాపం. మధుపర్కాలు నేనే తెస్తున్నాను.

నీ కూతురు
పద్మ