ఇరవై మూడో అంశానికి లేచిన ఏడో చేయి

జిల్లా పాలక మండలి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారి సముఖమునకు,
సమావేశ మందిరము టీ గది అటెండరు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల నాలుగవ తేదీ బడ్జెట్టు సమావేశములో ఇరవై మూడవ అంశమునకు అనుకూలముగా లెక్కించిన ఏడు చేతులలో ఒకటి ఓటు కాదనియు, అది టీ కొరకు లేచినదనియు, అందుకు కారకుడను నేనేననియు, గురువారము నాడు మరల లెక్కింపించవలెననియు కోరుట గురించి.

సూచిక: సూచిక ఏమీ లేదు. కళ్ళతో చూసినది.

పై విషయమునకు సంబంధించి తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ మందిరములో పందొమ్మిది సంవత్సరములుగా టీ, మంచినీళ్ళు అందించుచున్నాను. ఈ పందొమ్మిదేళ్ళలో జీతం గురించి గానీ, సెలవు గురించి గానీ ఒక్క అర్జీ పెట్టుకోలేదు. ఈ భాష కూడా గుమాస్తా గారు పారేసిన పాత కాగితాలు చూసి నేర్చుకున్నదే. మధ్యలో జారిపోతే మన్నించాలి. అక్షరాలు వంకర పోవడం తమరు గమనించే ఉంటారు.

1. మందిరములో అధ్యక్షుల వారు మాట్లాడుచుండగా సభ్యులు నోరు తెరచి టీ అడుగుట మర్యాద కాదు. అందుచేత ఏనాటి నుండియో ఒక వాడుక ఉన్నది. చక్కెర టీ కావలసినవారు చేయి ఎత్తి రెండు వేళ్ళు చూపెదరు. చక్కెర లేనిది కావలసినవారు అరచేయి మొత్తము చూపెదరు. మంచినీళ్ళు కావలసినవారు గ్లాసు బోర్లించెదరు. ఇది ఏ నిబంధనల పుస్తకములోను లేదు. నాకంటే ముందు ఈ పని చేసిన పెద్దాయన, పోతూ పోతూ టీ గది తాళం చెవితో పాటు నాకు అప్పజెప్పిపోయారు. చిక్కేమిటంటే ఓటుకు కూడా అరచేయే ఎత్తుతారు. అందుకే ఓటింగు జరిగేటప్పుడు తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ నేను గడప దాటకూడదు. "రెండు రకాల చేతుల్నీ ఒక్కచోట కలవనీయకురా" అని పెద్దాయన నాకు మరీ మరీ చెప్పారు.

2. సదరు ఎర్ర బల్బు రెండు నెలల క్రితము మాడిపోయినది. నేను మూడు సార్లు కాగితము పెట్టితిని. ఆ బల్బు ఇదే సమావేశములో ముప్పై ఆరవ అంశముగా చేర్చబడి, సమయము చాలనందున వాయిదా పడినది. దీనిని ఫిర్యాదుగా వ్రాయుటలేదు. బల్బు మీదికి నెట్టేసి తప్పించుకుంటున్నాడని ఎవరైనా అనవచ్చు. బల్బు లేకపోయినా నాకు చెవులున్నాయి కదా.

3. ఆ రోజు మొత్తము నలభై ఒక్క అంశములు ఉండెను. భోజనము వేళ దాటిపోయినా ఇంకా ఇరవై రెండు దగ్గరే ఉన్నారు. ఇరవై రెండవది మందిరపు కుర్చీలకు కొత్త దిండ్లు. అది ఒక్క గుక్కలో ఆమోదము పొందినది. ఇరవై మూడవది, కాలువ మీది నడక వంతెన మరమ్మతును ఈ సంవత్సరపు బడ్జెట్టు నుండి తీసి వచ్చే సంవత్సరమునకు మార్చుట. వంతెనల ఇంజనీరమ్మ లేచి నిలబడి, ఎడమ వైపు వేలాడే ఇనుప తీగల్లో మూడింటిని తుప్పు సగానికి పైగా తినేసిందని, ఒకసారికి పది మందికి మించి ఎక్కితే తాను పూచీ పడలేనని చెప్పారు. నేను నీళ్ళ గ్లాసులు సర్దుతూ అక్కడే ఉన్నాను. ఒక సభ్యుల వారు, ఇన్నేళ్ళూ పడనిది ఈ ఒక్క ఏడాదీ ఆగలేదా అన్నారు. అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. నేను టీ తేవడానికి బయటికి వచ్చాను.

టీ పోసుకుని ట్రే పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి, అనుకూలురు చేతులెత్తండి అని అధ్యక్షుల వారి గొంతు వినిపించింది. అయ్యా, విన్నాను. వినలేదని రాసినా అడిగేవాళ్ళు లేరు, వరండాలో నేనొక్కణ్ణే ఉన్నాను. కానీ విన్నాను. విని కూడా భుజంతో తలుపు నెట్టాను.

మూల కుర్చీలో కూర్చునే సభ్యుల వారు అప్పటిదాకా కునుకు తీస్తున్నారు. వారికి చక్కెర జబ్బు. టీ వాసన తగిలి కళ్ళు తెరిచారు. నన్ను చూశారు. చక్కెర లేనిది అని నా వైపు అరచేయి చూపించారు. గుమాస్తా గారు అటు నుంచి చేతులు లెక్కపెట్టుకుంటూ వస్తున్నారు. ఏడు అన్నారు. తరువాత వ్యతిరేకులను ఎత్తమంటే ఆరు లేచాయి. అప్పటికి మూల కుర్చీ వారు కప్పు అందుకుని ఊదుకుంటున్నారు. ఇరుపక్షములు సమానమైనచో ప్రతిపాదన వీగిపోవునని నియమము. ఆ ఒక్క చేయి లేకపోతే ఆరూ ఆరూ. వంతెన పని ఈపాటికి మొదలయ్యేది. ఏడో చేతిని లేపింది నా ట్రే.

4. (కొట్టివేయడమైనది. అంతకు ముందు సమావేశంలో టీ చల్లారిందని, "ఇది టీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా" అని అధ్యక్షుల వారు అందరి ముందూ అన్నారని, అప్పటి నుంచి కప్పులో ఆవిరి తగ్గకముందే అందించాలని పరుగెత్తుతున్నానని, అందుకే ఆగలేకపోయానని రాశాను. నిజమే గానీ, చదివితే సాకులా ఉంది. కొట్టేశాను.)

5. పిమ్మట నేను చేసిన ప్రయత్నములు. మొదటి మూడు రోజులు ఏ ప్రయత్నమూ చేయలేదు, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నాలుగవ రోజున గుమాస్తా గారితో మొరపెట్టుకొంటిని. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "చేయి చేయే. ఎందుకు లేచావని చేతిని అడిగే నిబంధన లేదు" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉండటం చూసి గొంతు తగ్గించి, మినిట్సు వచ్చే గురువారం సమావేశంలో చదివి ఖరారు చేస్తారని, అందాకా దిద్దడానికి వీలుందని, ఖరారయ్యాక మాత్రం బ్రహ్మదేవుడు దిగివచ్చినా అక్షరం మారదని చెప్పారు. తన పేరు ఎక్కడా రానీయవద్దన్నారు. అందుకే ఆయన పేరు రాయలేదు.

మూల కుర్చీ వారిని కారు దగ్గర కలిశాను. మంచి మనిషి, కసురుకోలేదు. తెరిచిన కారు తలుపు మళ్ళీ మూశారు. "టీ కోసమే ఎత్తినట్టున్నానయ్యా. కానీ ఇప్పుడా మాట చెబితే సభలో నిద్రపోయానని ఒప్పుకున్నట్టే కదా" అన్నారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయన్నారు. నా భుజం తట్టి, టీ మాత్రం బాగుందన్నారు. అయ్యా, పందొమ్మిదేళ్ళలో నా టీ బాగుందని ఒక సభ్యుల వారు అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

6. వంతెనను తాత్కాలికముగా మూసివేయుటకు వేరొక తీర్మానము కావలెనట. మూసినచో బస్సు వేయవలెనట, బస్సు వేరే శాఖదట. అందుచేత 'ఒకసారికి పది మంది మాత్రమే' అని బోర్డు పెట్టినారు. ఆ పది మందిని ఎవరు లెక్కపెట్టాలో బోర్డులో లేదు.

టీ గది కిటికీలోంచి ఆ వంతెన మొత్తం కనపడుతుంది. తమరు ఎన్నడూ మా గదిలోకి రాలేదు కాబట్టి తెలియకపోవచ్చు. స్టవ్వు ముందు నిలబడి తల ఎత్తితే అదే. పాలు పొంగి పోతున్నా నాకు తెలియడం లేదు, ఇవతల నిలబడి అవతల తలలు లెక్కపెట్టుకుంటున్నాను. పన్నెండు, పద్నాలుగు, ఒక్కోసారి ఇరవై. పొద్దునపూట మరీ ఘోరం. అందుకని వారం రోజులుగా ఆరున్నరకే నేనే పోయి బోర్డు పక్కన నిలబడుతున్నాను. నూలు మిల్లు ఆడవాళ్ళు, పుస్తకాల సంచులతో పిల్లలు, సైకిలు నెట్టుకుంటూ పాలాయన. పది మందయ్యారు, ఆగండమ్మా అంటే, నువ్వెవరివయ్యా అంటారు. టీ అటెండరునంటే నవ్వి ఎక్కేస్తారు. ఈ కారణముగా రెండు దినములు డ్యూటీకి ఆలస్యమై మెమో అందుకొంటిని. దానికి జవాబు విడిగా ఇచ్చుకొందును.

ఆరున్నరకు వెళ్ళేవాళ్ళలో నా భార్య కూడా ఉంది. అవతలి ఒడ్డున క్లినిక్కు ఊడ్చి, తుడిచి, డాక్టర్లు వచ్చేలోగా తలుపులు తీసి పెట్టే పని ఆమెది. పెద్ద వంతెన మీదుగా పోతే ఏడు కిలోమీటర్లు, ఆ వేళకు బస్సు లేదు. ఆమెకు నేను జరిగింది చెప్పలేదు. చుట్టూ తిరిగి వెళ్ళు, మోకాళ్ళకు నడక మంచిది అన్నాను. ముందు నీ బుర్రకు మంచిదేదో చూసుకో అని నవ్వి వెళ్ళిపోయింది. నేను బోర్డు దగ్గర నిలబడేది ఎందుకని అడిగితే, పొద్దుటి గాలి కోసమన్నాను. పైన వానలు పడి కాలువ నీళ్ళు రేవులో నాలుగో మెట్టు దాకా వచ్చాయి. ఆమెకు ఈత రాదు. నాకూ రాదు.

అయ్యా, నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. చెప్పకపోతే ఏం పోతుందోనని అంతకంటే భయం. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు, నాకు రెండు వైపులా ఆ కాలువే కనిపిస్తోంది. ఎక్కడ ఏ ఇనుప డబ్బా కింద పడ్డా తీగ తెగిందనుకుని ఉలిక్కిపడుతున్నాను.

7. కావున తమరు దయతలచి, గురువారము మినిట్సు ఖరారు చేయుటకు ముందు ఇరవై మూడవ అంశమును మరల సభ ముందు ఉంచి, ఈసారి చేతులతో గాక సభ్యులను ఒక్కొక్కరిగా నోటితో చెప్పించి లెక్కింపించవలెనని ప్రార్థన. ఆ లెక్క ముగియువరకు టీ అందించకుండ నాకు ఉత్తర్వు ఇప్పించవలెను. ఓటింగు వేళ లోపలికి ప్రవేశించిన నేరమునకు నన్ను ఏమి చేసినను అభ్యంతరము లేదు. టీ గది నుండి తీసివేసినచో, ఆ బోర్డు పక్కన మనుషులను లెక్కపెట్టు పని ఇప్పించినను చాలును. ఒక కుర్చీ, ఒక విజిలు ఇస్తే ఇంకా మంచిది. విజిలు ఊదితే ఆగుతారు.

ఇంతకు మించి వ్రాయుటకు ధైర్యము చాలనందున, వ్రాసినంతలో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
టీ గది అటెండరు

తా.క.: పైదంతా నిన్న ఆదివారం ఇంట్లో కూర్చుని రాశాను. ఇవాళ తపాలా విభాగానికి పట్టుకెళితే, ముద్ర వేసి, నంబరు వేసి మీ బల్ల మీదికి పంపడానికి పదిహేను రోజులు పడుతుందన్నారు. గురువారానికి మూడు రోజులే ఉంది.

ఇంకోటి కూడా జరిగింది. ఇవాళ పొద్దున ఈ కాగితాన్ని నలగకుండా మడత పెట్టుకోవడంలో బోర్డు దగ్గరికి పోవడం ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి వంతెన మీద పదిహేడు మంది ఉన్నారు. ఇటు నుంచి లెక్కపెడితే పదకొండో మనిషి మా ఆవిడ. నేను చూస్తుండగానే వంతెన ఎడమ పక్కకు ఒరిగింది. కాళ్ళ కింద చెక్క ఒకటి ఊడి నీళ్ళలో పడింది. అందరూ కమ్మీలు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఒక్కరూ అరవలేదు, పిల్లలు కూడా. కాసేపటికి ఒక్కొక్కరే మెల్లగా దిగారు.

ఆమెకేం కాలేదు. కుడికాలి చెప్పు మాత్రం ఊడిన చెక్క సందులోంచి జారి కొట్టుకుపోయింది. ఇటు ఒడ్డుకు తిరిగి వచ్చి నా పక్కన కూలబడింది. అప్పుడు చెప్పేశాను అన్నీ. ట్రే సంగతి, చేయి సంగతి, పొద్దుటి గాలి సంగతి. తిడుతుందనుకున్నాను. ఇన్ని రోజులూ ఎందుకు దాచావంటే, ఉద్యోగం పోతుందేమోనని అన్నాను.

"నీ ఉద్యోగం పోతే నేను చేసి తెచ్చి పెడతాను. నేను పోతే నువ్వేం చేస్తావు? టీ పెట్టుకుని తాగుతావా?" అంది.

ఆ రెండో చెప్పు నా చేతిలో పెట్టి, వట్టి కాళ్ళతో పెద్ద వంతెన వైపు నడిచింది. క్లినిక్కు తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. రేపు కూడా ఏడు కిలోమీటర్లు నడవడం తన వల్ల కాదని వెళ్తూ వెళ్తూ చెప్పింది. ఊడిన చోట ఎవరో పాత తలుపు చెక్క ఒకటి అడ్డం వేశారు. పదింటికల్లా మళ్ళీ జనం నడుస్తున్నారు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే పద్నాలుగు మంది.

అందుకని ఈ కాగితాన్ని మీ పదకొండు గంటల టీ ట్రేలో, కప్పు కింద పెట్టి తెచ్చాను. మీరిది చదువుతుండగా నేను తలుపు బయటే ఉంటాను. పిలిస్తే వస్తాను, పిలవకపోతే ఖాళీ కప్పు కోసం వస్తాను. మీరు ఈ పేజీ దాకా వచ్చేసరికి టీ చల్లారిపోయి ఉంటుంది. చల్లారనివ్వండి.

జతపరచినవి:
1. బల్బు కొరకు పెట్టిన కాగితముల నకళ్ళు - మూడు.
2. ఆలస్యమునకు ఇచ్చిన మెమో - ఒకటి.
3. ఆడవారి చెప్పు, ఎడమకాలిది - ఒకటి. (ట్రేలో పెట్టడం మర్యాద కాదని మీ గుమ్మం పక్కన ఉంచాను.)