స్కాట్లండ్ లాకులకి నీ బూట్లు

మహారాజశ్రీ ప్రసాదుగారి దివ్యసముఖానికి,

ఒరేయ్, నువ్వు పోయి నేటికి ఏడాది. స్కాట్లండ్ కొండలూ సరస్సులూ కాలినడకన చుట్టొద్దామనుకున్నాం కదా, వచ్చే నెల నేనొక్కణ్ణే వెళ్తున్నాను. అక్కడ సరస్సుని ‘లాఖ్’ అంటారని ఎంత చెప్పినా నువ్వు వినలేదు. మన కాలవ లాకులే అనుకుని, తలుపులెత్తేవాడితో కబుర్లాడదామన్నావు.

నిన్న పిస్కాటవే ఊళ్ళో మీ అక్క నీ బూట్లు నా చేతికిచ్చి, “లాకుల దగ్గర గట్టు జారుతుందిట, జాగ్రత్త తమ్ముడూ!” అంది. ఆవిడకీ అదే ఎక్కించావన్నమాట. సరిదిద్దాలనిపించలేదు.

నీ బూట్లు నాకు వదులు. రెండు జతల మేజోళ్ళ మీద వాటినే తొడిగి, కాలు నిలవక పొద్దుట్నుంచీ గదిలోనే తిరుగుతున్నాను. కింద అపార్ట్‌మెంట్ ఆంటీ ఫోన్ చేసింది.

“పైన ఎంతమంది నడుస్తున్నారయ్యా?”

“ఇద్దరమండీ” అన్నాను.