పొడిగుడ్డ గీతలు

నాయినా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది నిండింది. ఇవాళ నీ నల్ల కారుకు నాగ్‌పాడా గ్యారేజీలో పాలిష్ పట్టించి, రంగు మీద కోటింగ్ వేయించి తెచ్చాను. కిరాయిలకు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నువ్వుంటే ముందు రంగు గురించే అడిగేవాడివని రాస్తున్నాను.

కోటింగ్ వేసినాయన మన పాలమూరు వైపువాడే.

"పొడిగుడ్డతోని రుద్దకు తమ్మీ, దుమ్ముకు గీతలు వడ్తయి. ముందుగాల నీళ్లు కొట్టి దుమ్ము పోనియ్యి, తర్వాత మెత్తటి గుడ్డతోని అద్దు. వారం దాంక సబ్బు ముట్టియ్యకు" అన్నాడు.

నువ్వు రోజూ పొద్దున్నే కామాఠిపురా గల్లీలో, మనం గది అద్దెకున్న చాల్ ముందు నిలబడి పాత బనీను ముక్కతో కారును గుండ్రంగా రుద్దేవాడివి. ఆ రుద్దుడుకు పడ్డ సన్నటి గుండ్రని గీతలు ఎండలో బానెట్ మీద, తలుపుల మీద కనబడేవి. నువ్వు పోయాక నేను గుడ్డ పట్టలేదు, నీళ్లు కొట్టి వదిలేసేవాణ్ని. కాబట్టి ఆ గీతలన్నీ నీవే.

అమ్మ కిందికి దిగి కారు చుట్టూ తిరిగింది.

"మీ నాయిన గీతలేవిరా?"

"పాలిష్‌ల పోయినయమ్మా."

"మంచిగైంది తియ్" అని పైకి వెళ్లి బియ్యం కడిగింది.

పైకప్పు నడుమ మాత్రం మొదటి నుంచీ గీతలు లేవు. నీ చెయ్యి అక్కడిదాకా అందేది కాదు. ఇప్పుడు కారంతా ఆ నడుమలాగే ఉంది.