కింది మంచం బూట్లు

ప్రియమైన పై మంచానికి,

ఉలిక్కిపడకు, బతికే ఉన్నాను. శిక్షణ ఆరో వారంలో నీ కింది మంచం ఖాళీ చేయించి నన్ను ఇంటికి పంపేశాక నీకు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. సిగ్గేసి లేచిపోయాను. ఇప్పుడు పని పడింది కాబట్టి సిగ్గు పక్కన పెట్టాను.

నేను మళ్ళీ సైన్యంలో చేరాలి. నిన్న భర్తీ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా నా డిశ్చార్జి కాగితాన్ని కళ్ళజోడు పైనుంచి ఒకసారి, లోపల్నుంచి ఒకసారి చూశాడు. "నిద్రలో నడకా! పరిగెత్తలేక ఇంటికి పోయినవాళ్ళని చూశాను గానీ, నడిచి ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని నిన్నే చూస్తున్నానమ్మాయ్" అన్నాడు. నా మొదటి దరఖాస్తు కూడా బయటికి తీశాడు. 'ఎప్పుడైనా నిద్రలో నడిచారా?' అన్న గడిలో నా దస్తూరీతో 'అవును, ఏడో ఏట, ఒకసారి' అని ఉంది. "ఈ గడి చదివి నింపింది నువ్వొక్కదానివే" అన్నాడు. ఏం చేయను? మా ఇంట్లో మొట్టమొదట బడికెళ్ళింది నేను. అచ్చులో ఎవరు ఏమడిగినా నిజం చెప్పకుండా ఉండలేను.

మళ్ళీ తీసుకోవాలంటే రెండు కావాలట. తొంభై రోజులు నేను నిద్రలో నడవలేదని ఇంట్లోవాళ్ళ సాక్ష్యం ఒకటి. శిక్షణలో నాతో ఒకే గదిలో పడుకున్నవాళ్ళ వాంగ్మూలం ఒకటి. మొదటిది అమ్మ నిన్ననే మొదలుపెట్టేసింది. ఆమె పిండిమరలో పనిచేస్తుంది కదా, మర కింద రాలిన పిండి తెచ్చి నా మంచం చుట్టూ, గుమ్మం దాకా జల్లెడతో చల్లింది. పొద్దున్నే వంగి వంగి చూసింది. "నీకు అక్షరాలొచ్చు, నాకు అడుగులొచ్చు" అంది.

రెండోది నువ్వు రాయాలి. చూసింది చూసినట్టే రాయి. ఇంకో మాట, ఇది దరఖాస్తు కోసం కాదు. నడుస్తున్నప్పుడు నేనెలా ఉంటాను? కళ్ళు తెరిచి ఉంటాయా? చేతులెక్కడ పెట్టుకుంటాను? నాకు చెప్పకుండా నా కాళ్ళు ఎక్కడికో షికారుకి వెళ్ళొచ్చాయి. ఎందుకెళ్ళాయో తెలుసుకోవాలని ఉంది.

నీ
కింది మంచం

*

ప్రియాతిప్రియమైన కింది మంచమా,

నీ ఉత్తరం చూసి భోజనాల గదిలో కేక పెట్టాను. శిక్షకురాలు మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరిగెత్తించింది. ఆ పాపం నీదే.

వాంగ్మూలం ఇప్పుడే రాస్తాను, కానీ ఏమని రాయనే? నువ్వు నడుస్తుంటే నేను చూడనే లేదు. పడుకుంటే నేను మొద్దునని నీకు తెలియదా? నాకు తెలిసింది అందరికీ తెలిసిందే. గేటు దగ్గర ఎవరో నడవడం కాపలా మనిషి రెండుసార్లు దూరం నుంచి చూశాడు. పిలిస్తే పలకలేదు. అతను మంచె దిగి వచ్చేసరికి మనిషి లేదు, బురద అడుగులున్నాయి. అవి తిన్నగా మన మంచం దాకా వచ్చి ఆగాయి. కింద నీ బూట్లు, తడిగా, లోపల నీ నంబరుతో. ఆపైన నీ చేత్తో నువ్వే నింపిన ఆ గడి. ఇంక నిన్ను కాక ఎవర్ని పంపుతారు?

నీ మంచంలోకి కొత్తపిల్ల వచ్చింది. దాని గురక మీ అమ్మ పిండిమరకి పోటీ. ఇంకో కబురు, నన్ను దళనాయికని చేశారు! 'ఆడపిల్లకి బూట్లెందుకు' అన్న మా అన్నయ్యే ఇప్పుడు వీధి వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడట. మూడు నెలలు పోతే చేతికి తుపాకులిస్తారు.

పిండిలో అడుగులేమైనా పడ్డాయా? పడకూడదు. పడితే మీ అమ్మ కంటే ముందు నేనొచ్చి తంతాను.

నీ
పై మంచం

*

ప్రియమైన పై మంచానికి,

దళనాయిక గారికి వందనం! (నిలబడే రాస్తున్నాననుకో.)

నలభై ఒక్క రోజులైంది. పిల్లి అడుగులు పదకొండుసార్లు. మరిచిపోయి తొక్కి, నా మీద అరిచి, తర్వాత తన కాలే అని ఒప్పుకున్న అమ్మ అడుగులు ఒకసారి. నావి లేవు.

అంతకన్నా వింత విను. "చిన్నప్పుడు నడిచాను కదమ్మా, ఇప్పుడెందుకు నడవట్లేదు?" అని అడిగాను. అమ్మ చీపురు ఆపి నా మొహంలోకి చూసింది.

"ఎప్పుడు నడిచావే?"

"ఏడో ఏట. నువ్వే పట్టుకున్నావుగా."

"పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి దొరికావు. దెబ్బలు పడతాయని కళ్ళు గట్టిగా మూసుకుని 'నిద్రలో వచ్చానమ్మా' అన్నావు. మూతి నిండా పంచదార! నవ్వొచ్చి వదిలేశాను."

చూశావా? నేనాడిన అబద్ధాన్ని నేనే నమ్మి, ఇన్నేళ్ళ తర్వాత ప్రభుత్వానికి నిజమని రాసిచ్చాను.

మరి నా బూట్లు గేటు దాకా ఎవరితో వెళ్ళాయి? రోజూ దీని గురించే ఆలోచిస్తున్నాను. ఒకటి గుర్తొచ్చింది. ఈల వినగానే కాళ్ళు దూర్చడానికి వీలుగా నేను బూట్ల మూతులు బయటి వైపు పెట్టేదాన్ని. ఆ రెండు రోజులూ పొద్దున అవి మంచం వైపు తిరిగి ఉన్నాయి, అదీ నిచ్చెన దగ్గర. అప్పటి కంగారులో పట్టించుకోలేదు. మంచం వైపు మొహం పెట్టి బూట్లు విప్పేది ఎవరు? ఆరో నంబరు బూట్లు మన గదిలో నువ్వూ నేనూ కాక ఇంకెవరికి సరిపోతాయి? కాస్త కనిపెట్టి రాయవూ.

నీ
కింది మంచం

*

ప్రియమైన పై మంచానికి,

ఏడు వారాలైంది, జవాబు లేదు. జవాబు లేకపోవడాన్ని కూడా చదవడం నేర్చుకున్నాను.

నిజానికి చదివింది అమ్మ. బూట్ల సంగతంతా చెప్తే, మా అటక నిచ్చెన ఎక్కి, కళ్ళు మూసుకుని దిగింది. కింద నా చెప్పులున్నాయి. కాలికి అవే తగిలాయి, అవే తొడుక్కుంది. వెనక్కొచ్చి, నిచ్చెన వైపు మొహం పెట్టి, విప్పేసి ఎక్కింది. "పై మంచం పిల్ల బూట్లు ఎక్కడుండేవి?" అని అడిగింది. అల్మారా పక్కన, దూరంగా అన్నాను. "మరింకేం" అంది. చెప్పులు రెండూ నిచ్చెన వైపు చూస్తున్నాయి.

నా తొంభై రోజులూ పూర్తయ్యాయి. అమ్మ వేలిముద్ర వేసింది. ఆ కాగితం పెట్టెలో పెట్టాను. నీ పేరు ఏ గడిలోనూ నింపను. నువ్వు కావాలని చేసింది కాదు. నీకే తెలియదు. వాంగ్మూలం కూడా అక్కర్లేదు, నా కోసం ఏమీ చెప్పకు.

కానీ మీ చేతికి తుపాకులిచ్చేది ఈ నెలే కదా. "నిద్రపోతున్నదాని కాలికి బూట్లు దొరికాయి సరే. చేతికి అది దొరికితే?" అని అమ్మ అడిగింది. దానికి జవాబు నీ దగ్గరుంటే రాయి. కోపమొస్తే కోపమే రాయి. ఊరుకోకు.

నీ
కింది మంచం

*

ప్రియమైన కింది మంచమా,

కవరు మీద చిరునామా చూసే ఉంటావు. ఇంటి నుంచి రాస్తున్నాను.

'నువ్వూ నేనూ కాక' అని నువ్వు రాసిన ముక్క పదిసార్లు చదివాను. తెలియక అడిగావో, తెలిసి అడిగావో అర్థం కాలేదు. ఆ వారమే, కాళ్ళకి రాసుకోమని ఇచ్చే పౌడరు మంచం చుట్టూ చల్లాను. ఎనిమిది రోజులు ఏమీ లేదు. తొమ్మిదో రోజు పొద్దున నిచ్చెన కింద రెండు ఒట్టి పాదాలు, రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. నాకు తప్ప ఎవరికుంది ఆ వేలు? అక్కణ్ణుంచి కొత్తపిల్ల బూట్ల అడుగులు (దానివీ ఆరో నంబరే), తలుపు దాకా.

నేనేం చేశానో దాచను. గబగబా తుడిచేశాను. నెల రోజులు నోరు మూసుకున్నాను. నీకు రాద్దామని కాగితం తీస్తే అన్నయ్య మొహం కనిపించేది. ఇంతలో మళ్ళీ కాపలా మనిషి, మళ్ళీ బురద. కొత్తపిల్ల తడి బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది, దాని సంచి సర్దమన్నారు. అదే మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది.

నేరుగా అధికారిణి గదికి వెళ్ళి చెప్పాను. నీ సంగతి, కొత్తపిల్ల సంగతి, రెండూ. ఆమె "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు" అంది.

"పౌడరుకి తెలిసిందండీ" అన్నాను.

నవ్వలేదు. కానీ నేను రాసిచ్చిన వాంగ్మూలం మీద నా ఎదుటే ముద్ర వేసి మీ భర్తీ ఆఫీసుకి పంపించింది. వెళ్ళు. వెంటనే వెళ్ళు.

అన్నయ్య నా పాత చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

నాకూ తొంభై రోజులు కావాలి. ఇక్కడ అందరూ నాలాగే మొద్దులు, అడుగులు చదివేవాళ్ళు లేరు. మీ అమ్మని ఒకసారి అడుగుతావా?

నీ
పై మంచం

*

ప్రియమైన మా ఇంటి మంచానికి,

బ్యారక్ నుంచి రాస్తున్నాను. మొదటి వారం, మళ్ళీ మొదటి నుంచి. మోకాళ్ళు నావి కావు.

ఈసారి ఆ గడిలో 'లేదు. ఏడో ఏట నటించాను' అని రాశాను. గుమాస్తా కళ్ళజోడు తీసేసి నవ్వాడు. "'లేదు' చాలమ్మా!" అన్నాడు. నేను కొట్టేయలేదు.

నువ్వు మా ఇంటికి చేరిన కబురు అందింది. నాలుగో రోజు నీ అడుగులు గుమ్మం దాకా వెళ్ళి, గొళ్ళెం దగ్గర తచ్చాడి, వెనక్కొచ్చాయని రాశావు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలన్నావు. దిగులుపడకు. అమ్మ తన పాత చెప్పులు నీ మంచం పక్కన పెట్టి, "నడిచేది నడవనీ, కాలికేదీ గుచ్చుకోకుంటే చాలు" అందంటే, నిన్ను ఇంట్లో పిల్లగా చేర్చేసుకుందన్నమాట. ఊడ్చే ముందు ఆ పిండిలో నువ్వు ఆమె చేత అక్షరాలు దిద్దిస్తున్నావట. ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదో.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. మోకాళ్ళ మాట దాటెయ్యి.

నాకు మళ్ళీ కింది మంచమే దొరికింది. పైన ఉన్న పిల్లవి తొమ్మిదో నంబరు పాదాలు, నా బూట్లు దాని మడమలకైనా ఎక్కవు. అయినా పడుకునే ముందు వాటిని నిచ్చెన దగ్గరే పెడుతున్నాను, దిగే కాలికి అందేలా. పొద్దున లేవగానే ముట్టుకుని చూస్తాను. పొడిగా ఉంటాయి. హమ్మయ్య అనుకోవాలి కదా, ఎందుకో కాస్త వెలితిగా ఉంటుంది.

నీ తొంభై రోజులూ అయ్యేదాకా అవి అక్కడే ఉంటాయి.

నీ
కింది మంచం