ఆఖరున రాయాల్సిన పేరు

జూన్ 9, సోమవారం
కరుణ మళ్ళీ తినకుండానే ఆఫీసుకు వెళ్ళింది. కోరుట్లలో ఆ కంపెనీ ఒక్క గదితో మొదలైంది. ఇప్పుడు మూడో అంతస్తు కూడా తీసుకున్నారు. అంతస్తులు పెరిగినకొద్దీ మా చెల్లె అన్నం తగ్గుతోంది.

జూన్ 10
అడిగితే చెప్పింది. ఫోటోల్లో ఏది బండి, ఏది మనిషి అని గీతలు గీసి కంప్యూటర్‌కు నేర్పే పని వాళ్ళది. కరుణ లీడ్. ఆమె కింద ఏడుగురు ఆడవాళ్ళు. మూడు నెలలకోసారి, ఎవరు ఎన్ని ఫోటోలు చేశారో చూసి, వాళ్ళను వరుసలో రాసి పంపాలి. రెండుసార్లు ఆఖరున పడితే ఇంటికే. పోయినసారి ఆఖరున రజిత పేరు రాసింది. ఈసారీ ఆమెదే వచ్చేలా ఉంది.
"అందరం ఒక్క ఫ్యామిలీ అంటరక్కా. గా ఫ్యామిలీల నుంచే ఒకదాన్ని ఎల్లగొట్టుమంటరు."
రజిత ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వస్తుంది. నిదానం. తప్పులుండవట. భర్త దుబాయిలో... ఈ మధ్య పని లేదట.

జూన్ 12
ప్రార్థనకు కూర్చోమంటే కరుణ కూర్చుంది. కళ్ళు తెరిచే ఉంది.

జూన్ 16, సోమవారం
హైదరాబాదు నుంచి మేనేజరు వచ్చాడు. ఆఫీసులో ఎవరినైనా పేరు పెట్టే పిలవాలట, అతన్ని వరుణ్ అనాలి. ఇంట్లో కరుణ సారు అంటుంది. లెక్కలు తీశాడట. వారం నుంచి రోజూ ఏడుగురివీ ఒక్కటే అంకె. ఒక్క ఫోటో ఎక్కువ లేదు, తక్కువ లేదు.
ముందు అయిపోయినవాళ్ళు లేచి రజిత పక్కన చేరి, ఆమె లాగిన్‌లో చేసిపెడుతున్నారు. ఒకరిది ఇంకొకరు ముట్టమని సంతకాలు పెట్టినవాళ్ళే! కరుణ చూసీ చూడనట్టు ఉంది.
స్వప్న అనే అమ్మాయి సారు ముందే అన్నదట — "నాట్లల్ల గిట్లనే గద సార్. మునుం ముందుగాల అయినోళ్ళు ఎనుకవడ్డదానికి అందుకుంటరు. ఒక్కదాన్ని బురదల ఇడిసిపెట్టి మేం ఒడ్డెక్కుతమా?"
నాకు నవ్వు వచ్చింది. అమ్మతో నాట్లకు వెళ్ళిన రోజుల్లో మునుం, అంటే నాటే వరుస, పూర్తికాక వెనకబడేది నేనే.
సారు నవ్వలేదట. కరుణకు ముందే తెలుసా, లేదా — బుధవారం లోపు రాసివ్వాలి.
"తెల్వదంటే నా కొలువు నిలవడుతది, వాళ్ళు పోతరు. తెలుసంటే తప్పు నా మీదికొస్తది. నువ్వేమన్న అనక్కా."
"నువ్వు రాసినంక అంట."

జూన్ 18
తెలుసని రాసింది. వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పచ్చిపులుసు చాలలేదు. దేవునికి స్తోత్రం.

జూన్ 20
జవాబు రాలేదు. కరుణ బట్టలు ఉతుకుతూ పాడుతోంది. శ్రుతి లేదు. అయినా వింటున్నాను.

జూన్ 23
ఎవరినీ తీయలేదు! కొత్త పని చాలా వచ్చిందట, మనుషులు కావాలి. దయ కాదు, అవసరం. ఏదైనా మేలే.
లాగిన్‌కు వేలిముద్ర పెట్టారు. ఇక ఎవరి పని వాళ్ళదే. తప్పులు తక్కువని రజితను లీడ్ చేశారు. ఆమె కుర్చీలో ఇప్పుడు కరుణ. పైగా తెలిసీ ఊరుకున్న తప్పు కరుణకు ఒకసారి ఆఖరున పడినట్టే లెక్కట.
"ఇగ నేను రజితను మేడం అనాల్నా?"
"పేరు పెట్టి పిలువుమన్నరు గద."
చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

జూన్ 26
గీతలు గీసి ఎన్నేళ్ళయిందో, చెల్లెకు చెయ్యి తిరగడం లేదు. అందరికంటే తక్కువ. చెబుతున్నప్పుడు గొంతులో బాధ వెతికాను. దొరకలేదు.

జూన్ 29, ఆదివారం
చర్చి నుంచి వచ్చేసరికి అరుగు మీద రజిత. టీ ముట్టలేదు.
"రేపే పంపాల్నట పెద్దక్కా. అంకె చూస్తే కరుణక్క పేరే రావట్టె."
"రాయవే," అంది కరుణ. "పోయినసారి నీది నేను రాయలేదా? చెయ్యన్న వణుకలే నాకు."
"నాకు వణుకుతున్నదక్కా."
కరుణ ఆమెను బస్సెక్కించి వచ్చింది. తిని పడుకుంది. గురక కూడా. ఉద్యోగం ఉంటుందో, ఉండదో... ఇంట్లో భయం మాత్రం లేదు.

జూన్ 30
సాయంత్రం లోపు పంపాలి. మోకరించాను. రజిత చెయ్యి వణకాలని అడగాలా, వణకకూడదని అడగాలా...
ఏదీ అడగకుండానే లేచాను.