ఏ కన్నానికి ఆ బిరడా

అక్కా,

ఒంట్లో బాగానే ఉంది, మనసు సంగతి మాత్రం అడగకు. మేము పని నేర్చుకునే షెడ్డులో ఒక తెరచాప పడవను సముద్రం దాటే ప్రయాణానికి సిద్ధం చేస్తున్నామని రాశాను కదా. సోలార్ పలకలు, మంచినీటి ట్యాంకు, కొత్త లంగరు గొలుసు అన్నీ బిగించేశాం. మాలో ఒకరిని వెంట తీసుకెళ్తానన్న కెప్టెన్ గారు నన్ను కాదని, నా గదిలో ఉండే బక్కోణ్ణి ఎంచుకున్నారు.

పడవ అడుగున గొట్టాల కోసం కన్నాలుంటాయి. గొట్టం ఊడితే నీళ్లు రాకుండా కన్నంలో దిగ్గొట్టడానికి ఒక్కోదానికి ఒక చెక్క బిరడా చేయమన్నారు. నేను నున్నగా చెక్కి, ‘వంటగది కన్నం’, ‘ఇంజను కన్నం’ అని వాటి మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెట్టెలో సర్దాను. బక్కోడు వంకరటింకరగా చెక్కి, ఏ కన్నం పక్కన ఆ బిరడాను తాడుతో కట్టేశాడు.

"రాత బాగుందోయ్! చీకట్లో మోకాలి లోతు నీళ్లొస్తే పెట్టె వెతికి ఎవడు చదువుతాడు?" అన్నారు కెప్టెన్ గారు. అందరూ నవ్వారు. బక్కోడు నవ్వలేదు, నాకు ఇంకా మండింది. దీన్ని అసూయ అంటే మరీ మర్యాదగా ఉంటుంది. కుళ్లు అనాలి.

నాన్నకు అప్పుడే చెప్పకు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. ప్రయాణానికని నా నీలం స్వెటర్ పంపమన్నాను, ఇక వద్దు.

చెప్పడం మరిచాను. బక్కోడి పెట్టెలో వెచ్చని బట్ట ఒక్కటీ లేదు. నా పాత స్వెటర్ పంపు, మోచేతి దగ్గర చిరిగినది. నీలంది ఇవ్వను. చిల్లు మాత్రం గట్టిగా కుట్టు.

నీ తమ్ముడు