చిట్టి ఫోనెత్తింది

ఉదయం తొమ్మిదింటికి ఫోను మోగితే చిట్టి తీసి మాట్లాడింది. నత్తి అని ఇన్నాళ్లూ బయటివాళ్ల ఫోను ముట్టని పిల్ల. అవతల ప్లంబరు. రెండుచోట్ల మాట ఆగింది, ఫోను మాత్రం పెట్టేయలేదు. నేను మాట అందించబోతే "ఉండమ్మా, నాన్నయితే ఆగుతాడు" అంది.

దానికి అలవాటు కావాలని నువ్వు వంటింట్లోంచి హాల్లోకి ఫోను చేసి, చెప్పుల కొట్టువాడిలా నటిస్తూ దానితో బేరమాడతావట. నాకు ఆ ఓపిక లేదు. నీకుందని విడిపోయాక తెలిసింది.

ఈ వారం చిట్టితో ఈ ఇంట్లో ఉండే వంతు నీది. ప్లంబరు నాలుగింటికి వస్తాడు. అందాకా కుళాయి కింద బకెట్ తియ్యకు. తడి తువ్వాలు మంచం మీద వెయ్యకు. నువ్వొచ్చేదాకా చిట్టి పక్కింటి అత్తయ్య దగ్గరుంటుంది. బడి సెలవులయ్యేదాకా ఆ బేరాలు ఆపకు.

తా.క. ఇప్పుడే అమ్మమ్మకి తనే ఫోను చేసింది. ఇంకా పెట్టలేదు.